నల్ల కారు మీద బావ చెయ్యి

1983 మార్చి 6, ఆదివారం

రంగుల కొట్టువాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. జనవరి, ఫిబ్రవరి పేజీల నిండా మా ఆవిడ తాయారు ముగ్గులు సాధన చేసింది. మిగిలిన పేజీలు నా మీద పడేసి, "కోపమొస్తే గిన్నెల మీద కాదు, ఇందులో సూపించండి" అంది. ఆవిడ మాటకి విలువిచ్చి రాస్తున్నానంతే. రాయడానికి వేరే కారణమేమీ లేదు.

స్టీల్ ప్లాంటు కంట్రాక్టరు జీపుకి మా షెడ్డులో రంగు వేసి నిన్ననే డెలివరీ ఇచ్చాం. ఇవాళ సాయంత్రం కంచరపాలెం రైలు గేటు పడితే అది నా ముందే ఆగింది. ఎండ వాలుగా పడుతోంది. పక్క రేకు మీద అలలు. సైకిలు మీద ఉన్నవాణ్ణి కిందికి దిగి చూశాను. అలలే. రేకు సాపుగా ఉండాల్సిన చోట ఎత్తూ పల్లం, ఎత్తూ పల్లం. కంట్రాక్టరుకి రంగు మెరిస్తే చాలు, ఆయన చూడలేదు. నేను చూశాను.

ఆ రేకు రుద్దింది బావ.

నేను అప్ప అని పిలిచే మా అక్క జోగమ్మ మొగుడు అప్పలసూరి బావ. ఆయన చెయ్యి గురించి నేను ఈ డైరీకి చెప్పాలా? పుట్టీ పూసి, నీళ్లు కొడుతూ గరుకు పేపరుతో రుద్ది, పాత మెత్తటి తువ్వాలు రేకు మీద పరిచి, దాని మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని అటూ ఇటూ జరుపుతాడు. ఉత్తి చెయ్యి అయితే తడి రేకుకి అంటుకుపోతుంది, గుడ్డ ఉంటే జారుతుంది, అప్పుడు రేకులో ఉన్న ప్రతి వంకరా చెప్పుకుంటుంది. నాకు పని నేర్పింది ఆయనే. తర్వాత నేను స్ప్రే గన్ను పట్టాను, షెడ్డు పెట్టాను, ఓనరునయ్యాను. ఆయన నీళ్ల బకెట్టు దగ్గరే ఉండిపోయాడు. అయినా ఆయన సరే అంటేనే నేను గన్ను తీస్తాను. ఆయన సరే అన్నది సరిగ్గా లేకపోవడం ఇదే మొదలు.

పుట్టీ పాత సరుకై ఉంటుంది. ఎండకి కుంగి ఉంటుంది. అంతే.

మార్చి 9

పుట్టీ కొత్తదే. డబ్బా తిరగేసి చూశాను.

మార్చి 14, సోమవారం

ఈమధ్య బావకి ఇంటి భోజనం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఇన్నేళ్లూ కేరేజీ తెచ్చుకుని, నాతోపాటు పాత టైర్ల మీద కూర్చుని తినేవాడు. నా కూరలో వంకాయ ముక్కలు అడక్కుండా తీసుకునేవాడు. ఇప్పుడు మధ్యాహ్నం అవుతూనే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, తినేసి ఓ కునుకు తీసి వస్తానని పోతున్నాడు. అప్ప వండిన చారు మీద ఇంత మోజు ఇప్పుడు పుట్టడమేమిటో.

పోనీ, నాకూ అదే కావాలి. ఆయన మలుపు తిరగ్గానే షెడ్డు తలుపు సగం దించి, పొద్దున్న ఆయన రుద్దినదంతా తడిమి, కావాల్సిన చోట మళ్లీ పుట్టీ లాగి, మళ్లీ రుద్దుతున్నాను. గన్ను పట్టినవాడు మళ్లీ నీళ్ల పేపరు పట్టడం మా పనిలో పరువు తక్కువ. ఎవరైనా చూస్తే, గురునాథరావుకి గిరాకీ పడిపోయింది, పనివాళ్లు లేరు అనుకుంటారు. అందుకే తలుపు దించడం. బావకి తెలియకూడదని కాదు. అదీ ఉందనుకో.

ఇవాళ ఫ్రాన్సిస్ వచ్చాడు. హార్బరులో పని చేసే ఫ్రాన్సిస్, మా ఇస్కూలు రోజుల నుంచి స్నేహితుడు. వాళ్ల నాన్నగారి అంబాసిడర్ తోలుకొచ్చాడు. ఇన్నాళ్లూ జ్ఞానాపురంలో ఇంటి పక్క రేకుల కింద పడి ఉన్న బండి. ఇంజను బాగు చేయించాడట. మే నెల ఇరవై ఒకటిన వాళ్ల అమ్మాయి పుష్పకుమారి పెళ్లి. పిల్ల తాతగారి కారులోనే చర్చికి వెళ్లాలట.

"తెలుపు వేద్దాం, పెళ్లికి బాగుంటుంది" అన్నాను. తెలుపు తప్పులు కప్పుతుంది. ఆ మాట ఫ్రాన్సిస్‌కి చెప్పలేదు.

"మా నాన్న బండి నలుపు. నలుపే కావాల" అన్నాడు.

నలుపు అద్దం లాంటిది. రేకులో వెంట్రుకంత వంకర ఉన్నా మెరుపులో ఇంత లావున కనబడుతుంది. చర్చి ముందు పొద్దుటి ఎండలో, ఊరి జనమంతా చుట్టూ నిలబడి, ఆ మెరుపులో తమ ముఖాలు చూసుకుంటారు. ముఖాలు సాగిపోయి కనిపిస్తే ఇంకేముంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామని నోరు తెరిచేలోపు బావ లేచాడు.

"నాను రుద్దతాను ఫ్రాన్సిస్ బాబూ. నల్లదే ఎయ్యండి."

మాట్లాడుతూ ఫ్రాన్సిస్ బానెట్ మీద ఎడమ చెయ్యి ఆనించాడు. బావ వెంటనే ఆ చెయ్యి పట్టుకుని తీసేశాడు. ఎవరైనా సరే, ఏ బండినైనా ఎడమ చేత్తో ముట్టుకుంటే బావ ఊరుకోడు. నిమ్మకాయ కట్టి కొబ్బరికాయ కొట్టే వస్తువు, లక్ష్మీదేవి, దానికి ఎడంచెయ్యేమిటి అంటాడు. చిన్నప్పుడు ఈ విషయంలో నా వీపు వాయించాడు కూడా. మా చర్చి ఫాదర్‌గారు ఏమీ అనుకోరులే అని ఫ్రాన్సిస్ నవ్వాడు గానీ, బావ నవ్వలేదు.

టీ వచ్చింది. కాలిపోతున్న గ్లాసు. నేనూ ఫ్రాన్సిస్ అంచు పట్టుకుని ఊదుకుంటుంటే, బావ అరచేత్తో గ్లాసు చుట్టూ పట్టుకుని తాపీగా తాగేశాడు. పనిచేసే చెయ్యి కదా, మొద్దుబారి ఉంటుంది.

మార్చి 20, ఆదివారం

రుద్దే మిషను కొందామని నిశ్చయించుకున్నాను. స్టీల్ ప్లాంటు జీపులు వరసగా వస్తున్నాయి, పని తొందరగా తెమలాలి. వ్యాపారం పెంచుకోవాలి కదా. ఇదే తాయారుకి చెప్పాను.

"అన్నియ్యకి సెప్పినారా?" అంది, బావ గురించి.

నా షెడ్డుకి నేను మిషను కొనుక్కోవడానికి ఎవరి పర్మిషను కావాలని గయ్యిమన్నాను. అలా గయ్యిమనడమెందుకో నాకే తెలియలేదు.

పూర్ణా మార్కెట్ దగ్గర మిషన్ల కొట్టుకి వెళ్లాను. మూడు రకాలున్నాయి. ఒకటి, కరెంటుతో గుండ్రంగా తిరిగే బిళ్ల మిషను. బరువుగా, గిత్తలా ఉంది. రెండోది కరెంటుదే గానీ పలక మిషను. పలక అడుగున పేపరు బిగిస్తే, అది సన్నగా వణుకుతూ రుద్దుతుంది. మూడోది కరెంటే అక్కర్లేని గాలి మిషను. కంప్రెసర్ గొట్టం తగిలించుకుంటే గాలితో నడుస్తుంది. అది కొట్లో లేదు, బొమ్మ చూపించాడు, మద్రాసు నుంచి తెప్పించాలట. కొట్టువాడు బిళ్ల మిషను తప్ప తక్కినవి మగాడు పట్టేవి కావన్నట్టు మాట్లాడాడు. గాలిదైతే అసలు వద్దన్నాడు. రంగు కొట్టడానికి పెట్టుకున్న నా చిన్న కంప్రెసర్ దాని ఆకలికి చాలదట, కాసేపు నడిచి ఆయాసపడి ఆగిపోతుందట.

నాకు బిళ్ల మిషనే నచ్చింది. దాంతో బావ చెయ్యి నొప్పి లేకుండా పని అయిపోతుంది. చెయ్యి నొప్పని ఆయన చెప్పలేదు. నేనే అనుకుంటున్నాను.

మార్చి 28

కొనేముందు చూడమని ఫ్రాన్సిస్ తనకి తెలిసిన వాళ్ల దగ్గర్నుంచి బిళ్ల మిషను ఒకటి తెచ్చాడు. ఓడల మీద తుప్పు గీకడానికి వాడేది. పాత ఫియట్ డోరు ఒకటి గోడకి ఆనించి నేనే మొదలుపెట్టాను.

డోరు లేదు. అంటే ఉంది, కానీ దాన్ని డోరు అనలేం. పుట్టీతోపాటు రేకుని కూడా కొరికేసింది. అంచుల్లో వేడికి నీలం తేలింది. మధ్యలో చుట్టలు చుట్టలుగా గీతలు. బావ టైరు మీద కూర్చుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. ఆయన అలా నవ్వడం చూసి చాలా రోజులైంది. నాకు కోపం రావాలి, రాలేదు.

"ఓడకైతే పనికొత్తాది బావా. ఓడనెవుడూ సేత్తో నిమిరి సూడడు గదా" అన్నాడు. ఆయనా నన్ను బావా అనే పిలుస్తాడు.

తీసుకెళ్లి ఇచ్చేయమన్నాను ఫ్రాన్సిస్‌ని.

ఏప్రిల్ 6, బుధవారం

బతికే ఉన్నాను.

గురువులు అని ఓ వడ్రంగి దగ్గర పలక మిషను ఉంటే ఒక పూటకి అడిగి తెచ్చాను. దీన్ని ఎలా పట్టుకోవాలో బావకి చూపిద్దామని అంబాసిడర్ మడ్‌గార్డు మీద పెట్టాను. బాగానే వణుకుతోంది. కానీ మాది నీళ్ల పని, అది పొడి మిషను. పుట్టీ పొడి ఇంతెత్తున లేచింది. పేపరు క్షణంలో నిండిపోయింది. పేపరు నిండితే, పొడి లేస్తే, బావ చెయ్యి దానంతటదే మగ్గు మీదకి పోతుంది. పుట్టినప్పట్నుంచీ అదే పని. మగ్గుడు నీళ్లు తీసి రేకు మీద కొట్టాడు. నేను మిషను పట్టుకుని ఉన్నాను. నీళ్లలో చెప్పులు జారతాయని షెడ్డులో అందరం ఉత్తి కాళ్లతోనే ఉంటాం.

తర్వాత ఏమైందో బావ చెబితేనే తెలిసింది. కరెంటు కొట్టి నేను దానికి అంటుకుపోయి, నోరు తెరుచుకుని, అరవకుండా ఊగిపోతున్నానట. ఆయన నిచ్చెన బల్ల చెక్క తీసి నా చేతుల మీద కొట్టాడు. మిషను అటు పడింది, నేను ఇటు పడ్డాను. కళ్లు తెరిచేసరికి నా తల ఆయన ఒళ్లో ఉంది.  

ఇంత పెద్దమనిషి, నన్ను వాటేసుకుని ఏడ్చాడు. ఆ తర్వాత తిట్టాడు. నీళ్లు కొట్టింది ఆయనే, తిట్లు నాకు. నాకూ ఒళ్లు మండిపోయింది. మిషనుతో పని చేసేటప్పుడు నీళ్లెందుకు కొట్టావని నేను కూడా అరిచాను. చేతకానివాణ్ణి చూసినట్టు చూశాను కాబోలు.

ఆయన నెమ్మదిగా లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "మిసను పని నాకు రాదు బావా" అని వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 8

బావ రాలేదు. పోనీ.

ఏప్రిల్ 9

రాలేదు. అంబాసిడర్ అలాగే ఉంది. నేనొక్కణ్ణే టైరు మీద కూర్చుని తిన్నాను. కూరలో వంకాయలన్నీ నాకే మిగిలాయి. తినబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 14, ఉగాది

అప్ప వచ్చింది. ఉగాది పచ్చడి గిన్నె తెచ్చి తాయారు చేతికిచ్చి, నా వైపు చూడకుండా కూర్చుంది. మా అప్పకి కోపమొస్తే నాకన్నా ఘోరం. నేను కనీసం అరుస్తాను. ఆవిడ మాట్లాడకుండా కూర్చుని చంపుతుంది. చివరికి నేనే, బావ ఏం చేస్తున్నాడని అడిగాను.

"ఏటి సేత్తాడు? గోడొంక సూత్తన్నాడు. మీ తమ్ముడు మిసనెందుకు కొంతన్నాడు, నానింక పనికిరాననే గదా అని అడుగుతన్నాడు. నానేటి సెప్పేది?"

నేను అలా అనుకోలేదని అన్నాను. మరెలా అనుకున్నావని అడిగింది. పచ్చడి గిన్నె వైపు చూశాను. అప్పుడు అప్ప గొంతు మారింది.

"ఆ మనిషికి కుడిసెయ్యి తిమ్మిరెక్కీసి ఏడాదవతన్నాది. సొక్కా గుండీలు రోజూ నానే ఎడతన్నాను. ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. నీకసలు సెప్పొద్దన్నాడు."

కాలే టీ గ్లాసు. అదెందుకు చూసి కూడా చూడనట్టు ఊరుకున్నానో ఇప్పుడు అర్థమైంది. చూసింది చూసినట్టు రాసుకుని కూడా, పనిచేసే చెయ్యి అని సర్దిపెట్టుకున్నాను. అలలు చూసిన రోజునే నాకు తెలుసు. పుట్టీ డబ్బా తిరగేసినప్పుడూ తెలుసు. ఆయన చెయ్యి పోతోందని అనుకుంటే నా చెయ్యే పోయినట్టుంటుంది, అందుకని అనుకోలేదు.

అప్ప వెళ్తూ గుమ్మంలో ఆగి, "మిసను కొనుక్కో. గానీ ఆయన్ని కూడా ఉండనియ్యి" అంది. నాకు ఏడుపొచ్చింది. తాయారు చూడకుండా పెరట్లోకి పోయాను. చూసే ఉంటుంది.

ఏప్రిల్ 18, సోమవారం

ఇవాళ పొద్దున్నే బావ ఇంటికి వెళ్లి, అడక్కుండానే చొక్కా తొడిగి, గుండీలు నేనే పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారంతా నసిగాడు. డాక్టరుగారు పిన్నుతో వేళ్ల మీద పొడిచి చూశారు. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు, పొడుస్తుంటే బావ కిటికీలోంచి కాకుల్ని చూస్తున్నాడు. తెలియడం లేదు ఆయనకి.

మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందట. ఇన్నేళ్లు మణికట్టు వంచి ఒత్తి రుద్దడం వల్లనట. మాత్రలిచ్చారు, కట్టు కట్టారు. ఆ చేత్తో బరువుగా రుద్దొద్దన్నారు. మిషను పట్టుకుంటే తేలికవుతుందా అని నేనడిగాను, నా పథకం ఎంత గొప్పదో చెబుతారని. వణికే వస్తువు ఏదైనా సరే ఆ చేతికి విషం అన్నారు. అసలు ముట్టుకోవద్దన్నారు.

బావ చెయ్యి కాపాడదామని మూడు మిషన్లు చూశాను. మూడూ దాన్ని చంపేవే.

ఏప్రిల్ 19

మిషను వద్దు. ఎవరు పట్టుకుంటారు? ఇంకెవణ్ణో తెచ్చి ఆయన బకెట్టు దగ్గర కూర్చోబెట్టాలా? నా వల్ల కాదు. ఫ్రాన్సిస్‌కి బండి తిరిగి ఇచ్చేస్తాను.

ఇదంతా తాయారుకి చెప్పాను. ఆవిడ చేపలు కడుగుతోంది. తలెత్తకుండా, "మరి మీకు సేతుల్లేవేటి?" అంది.

గన్ను పట్టినవాడు రుద్దడని చెప్పాను. చేపల్ని కడగడం ఆపి నా వైపు చూసింది. మధ్యాహ్నాలు నా గోళ్లలో పుట్టీ ఎలా వస్తోందో ఈవిడ ఇన్నాళ్లూ చూస్తూనే ఉందని అప్పుడు తట్టింది. 

ఏప్రిల్ 20

గాలి మిషనుకి ఆర్డరు ఇచ్చాను. పట్టేది నేనే. కొట్టువాడు మళ్లీ వద్దన్నాడు. నీ చిన్న కంప్రెసర్‌తో మధ్యలో ఆగిపోతుందన్నాడు. ఆగనీ అన్నాను. అది నీళ్లలో తడిసినా మనిషిని చంపదు. మా షెడ్డులో నీళ్లు కొట్టే చెయ్యి ఆగదు, నేను ఆపను కూడా.

మే 2, సోమవారం

మద్రాసు నుంచి పార్సెల్ వచ్చింది. గుప్పిట్లో పట్టేంత ఉంది. కొబ్బరిచిప్ప బోర్లించినట్టు గుండ్రంగా, కింద మెత్తటి దిండు, దానికి పేపరు. బావని కూర్చోబెట్టి, నేను పట్టుకుని అంబాసిడర్ డోరు మీద పెట్టాను. కుడిచేతికి కట్టుతో ఆయన టైరు మీద. మగ్గు మాత్రం ఆయన ఎడమ చేతిలో. బండిని ముట్టుకోడు గానీ నీళ్లు కొట్టొచ్చట.

మంచి మిషను. తేలిగ్గా తిరుగుతూనే వణుకుతుంది, ఎక్కడా కొరకదు. తడి పేపరు పుట్టీని వెన్నలా తీసుకుపోతోంది. డోరు సగం అయిందో లేదో కంప్రెసర్ ఆయాసపడింది. గాలి అయిపోయి మిషను నెమ్మదించి ఆగింది. కొట్టువాడి మాటే నిజమైంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇలా ఆగి ఆగి పనిచేస్తే పెళ్లినాటికి ఈ కారు అవదని విసుక్కున్నాను.

బావ లేచి వచ్చాడు. "ఆగనియ్యి బావా. అది ఊపిరి పీల్సుకున్నంతసేపు మనం తడిమి సూసుకుందాం. మనుసులం అలగే గదేటి సేసీవోళ్లం? రుద్దీది, ఆగి సూసీది."

నిజమే. ఆగకుండా తిరిగే మిషనైతే రేకు దాటి లోపలికి పోయేదాకా ఎవడూ ఆగి చూడడు. తడిమి చూడమన్నాడు. తడిమాను. బాగానే ఉందన్నాను. బావ డోరుని దూరం నుంచి కళ్లతో చూస్తూ నిలబడ్డాడు. కట్టు ఉన్న కుడిచేతిని ఛాతీకి ఆనించుకుని, ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు.

నా చెయ్యి ఆయన చెయ్యి కాదు. బాగానే ఉందో లేదో నాకు తెలియదు.

మే 7, శనివారం

మధ్యాహ్నం థిన్నరు కోసం బజారుకి వెళ్లి, డబ్బు మరిచిపోయి మధ్యలోనే తిరిగొచ్చాను. బావ ఇంటికి వెళ్లకుండా షెడ్డులోనే ఉన్నాడు. అంబాసిడర్ బానెట్ మీద తువ్వాలు పరిచి ఉంది. బావ కళ్లు మూసుకుని ఉన్నాడు. తువ్వాలు మీద ఎడమ చెయ్యి.

బానెట్ ఈ చివర నుంచి ఆ చివరికి ఆ చెయ్యి మెల్లగా జారుతోంది. ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు చూస్తోంది. నేను తలుపు దగ్గరే ఉండిపోయాను. కదిలితే ఎక్కడ ఆపేస్తాడో అని భయం.

అయినా కాలికి డబ్బా తగిలింది. బావ ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకున్నాడు. దొంగతనం చేస్తూ దొరికినట్టు మొహం పెట్టి, "గుడ్డని ముట్టుకున్నాను గానీ బండిని ముట్టుకోనేదు" అన్నాడు.

నా వీపు వాయించిన మనిషి.

నవ్వు రాబోయింది, నవ్వలేదు. నవ్వితే ఆ చెయ్యి మళ్లీ వీపు వెనక్కి పోతుంది. అవును బావా, గుడ్డనే ముట్టుకున్నావు, ఇందులో తప్పేముంది, ఏం దొరికిందో చెప్పమన్నాను. కాసేపు నన్ను అనుమానంగా చూశాడు. తర్వాత మళ్లీ గుడ్డ సర్ది, ఎడమ చెయ్యి పెట్టి, నా చెయ్యి పట్టుకుని అక్కడికి లాగాడు. నాకేమీ తెలియలేదు. సున్నా పెట్టి చూపించమన్నాను. సుద్దముక్కతో సున్నా చుట్టాడు. అక్కడ పుట్టీ లాగి, ఎండాక మిషను పెడితే, పక్కనున్నదంతా గీసుకుపోయి, ఆ సున్నాలో మాత్రం పుట్టీ పళ్లెమంత నిలిచింది. పల్లం నిజంగానే ఉంది.

ఆ చెయ్యి పట్టుకుని చూశాను. ఇన్నేళ్లలో నీళ్ల పేపరు ముట్టని చెయ్యి. అన్నం కలపని, బండి ముట్టని, ఎవరికీ ఏదీ ఇవ్వని చెయ్యి. చంటిపిల్లాడి అరికాలంత మెత్తగా ఉంది. మాకు కావాల్సిన చెయ్యి ఇన్నాళ్లూ ఆయన వీపు వెనకే ఉంది.

మే 11

నేను మిషను, ఆయన గుడ్డ. కంప్రెసర్ ఆగుతుంది, బావ లేస్తాడు, సున్నాలు చుడతాడు, కూర్చుంటాడు, కంప్రెసర్ లేస్తుంది. షెడ్డు తలుపు పూర్తిగా ఎత్తి పెట్టాను. దారిన పోయేవాళ్లు, ఏటి గురునాథరావూ రుద్దుతన్నావేటి అని అడుగుతున్నారు. అవును, మా బావ రుద్దిస్తున్నాడని చెబుతున్నాను.

మే 15, ఆదివారం

సింహాచలంలో చందనోత్సవం. ఏటా లాగే బావ, అప్ప రాత్రే కొండెక్కి లైన్లో నిలబడి, పొద్దున్న స్వామిని చందనం లేకుండా చూసి, ఎండలో నల్లబడి వచ్చారు. ఎడమచేతి విషయం స్వామికి విన్నవించుకున్నాడట. ఏమన్నాడు స్వామి అని అడిగాను.

"ఏటంతాడు? ఆయనకీ ఏడాదికోపాలి పాత పూత తీసి కొత్త పూత పుయ్యాల. ఆ పని కట్టం ఆయనకి తెల్దేటి?"

ప్రసాదం మాత్రం కుడిచేత్తోనే పెట్టాడు, కట్టు విప్పి మరీ. బొటనవేలికి కొంచెం తెలుస్తోందట.

మే 18

ఇవాళ నల్ల రంగు కొట్టాను. కొట్టేముందు బావ బండి చుట్టూ ఒకసారి గుడ్డతో తిరిగి వచ్చాడు. నేను గన్ను పట్టుకుని ఎదురుచూశాను. ఎప్పట్లాగే ఆ ఒక్క మాట కోసం.

"సరే బావా. కొట్టు" అన్నాడు.

మే 21, శనివారం

అందరం జ్ఞానాపురం వెళ్లాం. చర్చి ముందు, పొద్దుటి ఎండలో ఆ కారు. నేను పెళ్లి చూడలేదు, కారునే చూశాను. చర్చి గోపురం మెరుపులో నిలువుగా, తిన్నగా దిగి ఉంది. పక్కన చెట్టు కొమ్మ ఒక్కచోట కూడా వంకర పోలేదు. వంగి చూస్తే నా మొహం ఎంత ఉందో అంతే ఉంది, అదే దిగులు. పిల్లలందరూ డోరు ముందు జుట్టు దువ్వుకుంటున్నారు. ఫ్రాన్సిస్ వచ్చి, మా నాన్న ఉంటేనా అని మొదలుపెట్టి, పూర్తి చెయ్యలేక బావ రెండు చేతులూ పట్టుకున్నాడు. రెండూ. బావ లాక్కోలేదు.

పెళ్లయ్యాక పుష్పకుమారి తెల్ల చీరలో, చేతులకి తెల్ల గుడ్డ తొడుగులు వేసుకుని మెట్లు దిగింది. కారు ఎక్కబోతూ, డోరు మీద అరచెయ్యి పెట్టి ఇటు నుంచి అటు ఒకసారి నిమిరింది. తాత కారని ముద్దు కాబోలు. బావ నా చెవిలో, "గుడ్డేసుకునే సూత్తన్నాది సూడు బావా. ఏటీ దొరకదులే" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

కారు వెళ్లిపోయాక పందిరి నీడలో కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. మనసు తేలిగ్గా ఉండి, సరదాకి అన్నాను. ఇన్ని పనుల మధ్య మధ్యాహ్నం అప్ప వండిన చారు కోసం పరిగెత్తేవాడివి, కునుకు లేకపోతే ఉండలేకపోయేవాడివి, ఇప్పుడెలా ఉంటున్నావని.

బావ కట్టు సర్దుకున్నాడు.  పెళ్లివారి పిల్లలు చల్లిన కాగితం పూలు తువ్వాలు మీదవి ఒక్కొక్కటీ ఏరి తీశాడు.

"కునుకేటి బావా. ఎవుడు తొంగున్నాడు. పెద్ద రోడ్డు మలుపులో టీ బడ్డీ కాడ కూకునీవోణ్ణి."

ఎందుకని అడిగాను.

"నాను రుద్దిన్ది సరిగ్గా నేదని నా సేతికి తెల్దు గానీ, నీ మొకం సూత్తే తెలీదేటి? నానక్కడుంటే నువ్వు సెయ్యి పెట్టవు. నానెక్కడ నొచ్చుకుంతానో అని సచ్చినా పెట్టవు. అలగే వొదిలీసి రంగు కొట్టేత్తావు, నీ పేరు పోతాది. అందుకే ఎల్లిపోయీవోణ్ణి. నువ్వు సగం తలుపు దించీదాకా మలుపులో నిలబడి సూసి, అప్పుడెల్లి కూకునీవోణ్ణి."

తిన్నాడా అని అడగలేకపోయాను. అప్ప కట్టిన అన్నం లేదు, ఇంటికి వెళ్లలేదు, టీ బడ్డీ దగ్గర టీ తాగి కూర్చున్నాడు రోజూ. ఆయనకి తెలియకూడదని నేను తలుపు దించాను. నేను దించుకోవడానికి వీలుగా ఆయన ఆకలితో మలుపులో నిలబడ్డాడు.

 ఆయన ఎడమ చెయ్యి తీసుకుని నా రెండు చేతుల్లో పెట్టుకున్నాను. పెళ్లి భోజనాలు మొదలయ్యాయని ఎవరో వచ్చి పిలిచేదాకా అలాగే కూర్చున్నాం.

మే 23, సోమవారం

జీపు ఒకటి వచ్చింది. బావ కేరేజీ తెచ్చుకున్నాడు. నా కూరలో వంకాయలన్నీ ఆయనే తినేశాడు.